పార దిగేసి వెళ్లిపోయిన రైతు: 900 ఏళ్ల ఆపిల్ బురదనేల, మా తాతగారి కొబ్బరి తోట

ఈ రోజు ఎపిసోడ్ జర్మనీలో మొదలై మా కోనసీమలో ఆగుతుంది. మధ్యలో ఆపిల్స్ ఉన్నాయి, వరదలు ఉన్నాయి, ఒక పార ఉంది. ఆ పార గురించి చెప్పాలనే ఈ వీడియో చేస్తున్నాను. కాబట్టి స్కిప్ చేయకుండా వినండి.

ముందు ఒక సీన్ చెప్తాను. వీడియోలు మొదలుపెట్టక ముందు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు నన్ను కొన్ని నెలలు హాంబర్గ్‌కి ఆన్‌సైట్ పంపారు. ఏప్రిల్ చివరి వారం. రూమ్‌మేట్ కూడా మనవాడే, నరసాపురం వైపు. ఇద్దరం అద్దె సైకిళ్లు తీసుకుని తెల్లవారుజామునే ఎల్బే నది మీద ఫెర్రీ ఎక్కాం. అరగంటలో ఫింకెన్‌వెర్డర్‌లో దిగి, నది గట్టు వెంబడి పడమరకి తొక్కుకుంటూ పోయాం. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. ఒక మలుపు తిరిగేసరికి ఇద్దరం సైకిళ్లు ఆపేశాం. ఎదురుగా తోట మొత్తం గాజుతో చేసినట్టు మెరిసిపోతోంది. ఆపిల్ చెట్లు నిండా పూత మీద ఉన్నాయి. ప్రతి పువ్వు చుట్టూ మంచుగడ్డ! తోట మధ్యలో స్ప్రింక్లర్లు టక్ టక్ టక్ అని ఇంకా నీళ్లు కొడుతూనే ఉన్నాయి.

మావాడు అన్నాడు: "వీళ్లకేమైనా పిచ్చా? ఇంత చలిలో పూత మీద నీళ్లు కొడతారేంట్రా, అంతా చచ్చిపోదూ?"

నాకూ అదే డౌట్. జవాబు తర్వాత చెప్తాను. ముందు ఆ నేల ఎక్కడిదో చూద్దాం.

దాని పేరు ఆల్టెస్ లాండ్. జర్మన్‌లో ఆ మాటకి "పాత నేల" అని అర్థం. హాంబర్గ్ నుంచి ఎల్బే నది సముద్రం వైపు పోతుంటే ఎడమ ఒడ్డున, ష్టాడే అనే ఊరి దాకా, సుమారు 30 కిలోమీటర్ల పొడవున ఉంటుంది. దీన్ని మూడు ముక్కలు చేస్తూ చిన్న ఏర్లు వచ్చి ఎల్బేలో కలుస్తాయి. ఎస్టె, ల్యూహె, ష్వింగె అని వాటి పేర్లు. ఎల్బే దిగువ ప్రాంతం మొత్తంలో దాదాపు 10,000 హెక్టార్లు, అంటే మన లెక్కలో 25,000 ఎకరాల పండ్ల తోటలున్నాయి. వాటికి గుండెకాయ ఈ పాత నేల. జర్మనీలో పండే ఆపిల్స్‌లో దాదాపు మూడో వంతు ఈ చుట్టుపక్కలదే.

ఇప్పుడు మీరు అడగొచ్చు, "మంచి నేల కాబట్టి పండింది, అందులో చరిత్ర ఏముంది బ్రో?" అని. అక్కడే ఉంది అసలు విషయం. అది మంచి నేల కాదు. అసలు నేలే కాదు. బురద.

మన కోనసీమ వాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. నది పొంగినప్పుడు ఒండ్రు ఎక్కడ పడుతుంది? ఒడ్డు పక్కనే ఎక్కువ పడుతుంది. అందుకే నది పక్కన నేల మెరక, లోపలికి పోయేకొద్దీ పల్లం. ఆల్టెస్ లాండ్ కూడా అచ్చం అంతే. నది ఒడ్డున కాస్త మెరక, వెనకాల పల్లం, దాని వెనకాల ఊబి నేల, ఆ తర్వాత ఎప్పుడో ఇసుక గుట్టలు. పైగా సముద్రం వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నా, ఆటుపోట్లు ఎల్బే వెంట హాంబర్గ్ దాకా వస్తాయి. రోజుకి రెండుసార్లు నది మూడు, నాలుగు మీటర్లు లేచి దిగుతుంది. అలాంటి చోట గట్టు లేకుండా ఎవరైనా ఏం పండిస్తారు? అందుకే చాలాకాలం మనుషులు నది పక్కన మెరక మీద మాత్రమే ఉన్నారు. వెనక పల్లం అంతా రెల్లు, నీళ్లు.

12వ శతాబ్దంలో సీన్ మారింది. అప్పట్లో బ్రెమెన్ ఆర్చ్‌బిషప్పులంటే మతగురువులే కాదు, భూములున్న పాలకులు కూడా. వాళ్ల దగ్గర బురద బోలెడంత ఉంది, దాన్ని పొలం చేసే మనుషులు లేరు. ఆ విద్య ఎవరికి తెలుసు? హాలండ్ వాళ్లకి. అందుకని వాళ్లనే పిలిపించారు. బ్రెమెన్ పక్కన బురద నేలల కోసం రాసుకున్న ఒప్పందం ఒకటి ఇప్పటికీ ఉంది. 1106 నాటిదని చెప్తారు. షరతులు వినండి. ఒక్కో కమతానికి ఏడాదికి ఒకే ఒక్క వెండి నాణెం శిస్తు. పంటలో పదకొండో పన ఆర్చ్‌బిషప్పుకి, పది పనలు రైతుకి. చిన్న చిన్న తగువులు వాళ్లే తీర్చుకోవచ్చు. ఊళ్లో దొర కింద వెట్టిచాకిరీ మామూలైన రోజుల్లో ఇది మామూలు ఆఫర్ కాదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, రేర్ స్కిల్ ఉన్నవాడికి ఇచ్చిన ప్యాకేజీ.

కొన్ని దశాబ్దాల్లోనే అలాంటి జనం ఈ ఎల్బే ఒడ్డుకీ వచ్చారు. ష్వింగె వైపు నుంచి మొదలుపెట్టి హాంబర్గ్ వైపు జరుగుతూ, ఒక్కో ముక్కకీ గట్టు కట్టుకుంటూ పోయారు. హోలెర్న్ అనే ఊరి పేరులో ఆ హాలండ్ ఇంకా వినపడుతుంది. "ఆల్టెస్ లాండ్" అన్న పేరు కూడా నిజానికి "హాలండ్" అనే మాట నలిగి నలిగి అలా అయిందని అక్కడివాళ్లు చెప్తారు. కాదు, ముందు సాగైన నేల కాబట్టి పాత నేల అన్నారని ఇంకొందరంటారు.

వాళ్లు చేసిన పని ఏంటో గూగుల్ మ్యాప్స్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి చూడండి. యోర్క్ అనే ఊరు కొట్టండి. దువ్వెన పళ్లలా ఉంటుంది నేల. రోడ్డు పక్కన వరసగా ఇళ్లు. ప్రతి ఇంటి వెనక నుంచి సన్నటి, పొడవాటి పొలం పట్టీలు. పట్టీకీ పట్టీకీ మధ్య బోదె. ఒక్కో పట్టీ వెడల్పు సుమారు 16 మీటర్లే, పొడవు మాత్రం కిలోమీటరు పైన. వెడల్పు ఎందుకు తక్కువ? నీళ్లు ఎటు నుంచైనా ఎనిమిది మీటర్లలో బోదెలోకి దిగిపోవాలి కాబట్టి. బోదె తవ్విన మట్టి పట్టీ మీద వేస్తే నేల కాస్త మెరక అవుతుంది. బోదె నుంచి పెద్ద కాలువ, అక్కడి నుంచి గట్టులో తూము. నదిలో పాటు తగ్గినప్పుడు తూము తెరుచుకుని నీళ్లు బయటికి పోతాయి, పోటు వచ్చినప్పుడు మూసుకుంటుంది. 900 ఏళ్ల కిందట మోటారు లేదు, కరెంటు లేదు. పార, చెయ్యి, ఆటుపోటు టైమింగ్, అంతే. ఇప్పుడు పంపులు వచ్చాయి గానీ, ఆ రైతులు గీసిన గీతలు మాత్రం చాలాచోట్ల అలాగే ఉన్నాయి.

మరి ఆపిల్స్? మొదట్లో ధాన్యం, పశువులే ముఖ్యం. పండ్ల తోటల ప్రస్తావన 14వ శతాబ్దం కాగితాల్లో కనపడుతుంది. ఆ తర్వాత మెల్లమెల్లగా పెరిగాయి. కారణం సింపుల్. పక్కనే హాంబర్గ్ అంత పెద్ద నగరం, మధ్యలో నది. రోడ్డు మీద బండిలో వేస్తే పండు నలిగిపోతుంది, పడవలో వేస్తే పదిలంగా పోతుంది. ఏర్ల వెంట ఉన్న ఊళ్ల నుంచే పడవలు ఎక్కించి హాంబర్గ్ మార్కెట్‌కి తోలేవాళ్లు. ఆ డబ్బుతో పెద్ద పెద్ద ఇళ్లు కట్టారు. గడ్డి కప్పు, కర్ర చట్రం, మధ్యలో ఎర్ర ఇటుక. కొన్ని ఇళ్లకి ముందువైపు ఒక స్పెషల్ తలుపు ఉంటుంది, పెళ్లికూతురి తలుపు అంటారు. దానికి బయట పిడి ఉండదు, లోపలి నుంచే తీయాలి. కొత్త కోడలు అందులోంచి లోపలికి వస్తుంది, చనిపోయినవాళ్లు అందులోంచి బయటికి వెళ్తారు. మిగతా రోజుల్లో మూసే ఉంటుంది.

ఇంతవరకూ వింటే అంతా హ్యాపీ స్టోరీలా ఉంది కదా? ఇప్పుడు పార దగ్గరికి వద్దాం.

గట్టు కట్టడం ఒకసారి చేసే పని. కాపాడటం రోజూ చేసే పని. పాతకాలంలో ఆ బాధ్యత ఎలా పంచుకున్నారంటే, ఎవడి భూమికి తగ్గట్టు వాడికి నది గట్టులో ఒక ముక్క. ఈ మేకు నుంచి ఆ మేకు దాకా నీది. ఎలుక బొక్క పెట్టినా, గడ్డి ఎండినా, మట్టి జారినా నువ్వే చూసుకోవాలి. తనిఖీకి గట్టు పెద్దలు వస్తారు. బాగాలేకపోతే జరిమానా. ఎందుకంత కఠినం? నీ ముక్క తెగితే మునిగేది నీ పొలం ఒక్కటే కాదు, ఊరు మొత్తం.

మరి ఒకడికి చేతకాకపోతే? ముసలాడైపోయాడు, కొడుకులు పోయారు, డబ్బులేదు. అప్పుడు పార చట్టం. ఉత్తర సముద్రం తీరంలో గట్లున్న ఊళ్లన్నిటికీ తెలిసిన రూల్ ఇది. ఆ రైతు తన ముక్క దగ్గరికి వచ్చి, గట్టులో తన పార దిగేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోవాలి. ఇక ఆ ఇల్లు వాడిది కాదు, పొలం వాడిది కాదు. ఎవరు వచ్చి ఆ పార పీకితే వాడిదే ఆస్తి. ఆస్తితో పాటు గట్టు ముక్క కూడా వాడిదే. "గట్టు వెయ్యనివాడు ఊరొదలాలి" అని అక్కడ సామెత కూడా ఉంది.

ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు భలే అనిపించింది. ఎంత డిసిప్లిన్ అనుకున్నాను. తర్వాత రాత్రి పడుకున్నాక అనిపించింది, ఆ పార దిగేసి నడిచి వెళ్లిపోయినవాడు ఎక్కడికి వెళ్లుంటాడు? వాడి భార్యాపిల్లలు? ఆ సిస్టమ్ ఊరిని కాపాడింది. ఊళ్లో బలహీనుణ్ణి మాత్రం బయటికి నెట్టింది.

పైగా అంత కఠినంగా ఉన్నా సరిపోలేదు. 1717 క్రిస్మస్ రాత్రి ఉత్తర సముద్రం పొంగి, తీరం పొడవునా వేలమంది చనిపోయారు. 1825 ఫిబ్రవరిలో మళ్లీ గట్లు తెగాయి. ఎందుకంటే మనిషికో ముక్క అన్నప్పుడు, మొత్తం గట్టు బలం అందరికంటే పేదవాడి ముక్క బలం ఎంతో అంతే. మనం కోడ్ రాసేటప్పుడు సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం చూశారా, అలాంటివి గట్టు పొడవునా వందలున్నాయి. అందుకే తర్వాతి కాలంలో పద్ధతి మారింది. ఎవడి ముక్క వాడిది అనే లెక్క పోయి, అందరూ భూమిని బట్టి డబ్బు కట్టడం, గట్టు సంఘమే మొత్తం చూసుకోవడం వచ్చింది. ఆ సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి, తనిఖీలూ ఉన్నాయి.

ఇందులో లేటెస్ట్ చాప్టర్ 1962. ఫిబ్రవరి 16 రాత్రి తుఫాను గాలి సముద్రాన్ని ఎల్బేలోకి తోసింది. హాంబర్గ్ దగ్గర నీళ్లు 5.70 మీటర్ల దాకా లేచాయి. పదుల చోట్ల గట్లు తెగాయి, ఈ తోటల ఊళ్లలోనూ తెగాయి. హాంబర్గ్‌లో 315 మంది చనిపోయారు, చాలామంది నిద్రలోనే చిక్కుకున్నారు. అప్పుడు సహాయం నడిపించిన హెల్ముట్ ష్మిట్ తర్వాత దేశానికే ఛాన్సలర్ అయ్యాడు. ఆ తర్వాత గట్లన్నీ ఎత్తు పెంచారు, ఏర్లు నదిలో కలిసే చోట మూసే గేట్లు కట్టారు. 1976 జనవరి 3న నీళ్లు ఇంకా ఎత్తుకి, 6.45 మీటర్లకి వచ్చాయి. 1962 కంటే ముప్పావు మీటరు ఎక్కువ. కానీ ఈసారి హాంబర్గ్‌లో శవాలు లేవలేదు. మధ్యలో 14 ఏళ్లు చేసిన పని అది.

సరే, ఇప్పుడు ఆ మంచుగడ్డల సంగతి. ఆ రోజు రోడ్డు పక్కన ఒక తోట ముందు ఆపిల్స్ పెట్టెలు, పక్కన డబ్బులేసే డబ్బా పెట్టి ఉన్నాయి. అమ్మేవాళ్లు లేరు, మనమే తీసుకుని మనమే డబ్బులేయాలి. మేం చిల్లర వెతుక్కుంటుంటే ఒక పెద్దావిడ బయటికి వచ్చింది. రాత్రంతా నిద్రలేదని మొహమే చెప్తోంది. మా వచ్చీరాని జర్మన్, ఆవిడ కొద్దిపాటి ఇంగ్లీష్. అయినా విషయం అర్థమైంది.

నీళ్లు గడ్డకట్టేటప్పుడు వేడి వదులుతాయి. ఒక లీటరు నీళ్లు గడ్డకడితే వచ్చే వేడితో ఇంకో లీటరు చల్లటి నీళ్లని దాదాపు 80 డిగ్రీల దాకా కాచొచ్చు. బయట మైనస్ నాలుగున్నా, పువ్వు మీద నీళ్లు నిరంతరం గడ్డకడుతూ ఉంటే లోపల పువ్వు సున్నా దగ్గరే ఉంటుంది, చావదు. ఫిజిక్స్‌లో లేటెంట్ హీట్ అని మనం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నది ఇదే. కానీ ఒక కండిషన్. మొదలుపెట్టాక ఆపకూడదు. ఎండ వచ్చి మంచు కరిగేదాకా కొట్టాలి. మధ్యలో పంపు ఆగితే అసలు కొట్టకపోవడం కన్నా ఎక్కువ నష్టం. ఎకరానికి గంటకి 12,000 లీటర్ల పైనే కావాలి.

ఆ నీళ్లు ఎక్కడివి? బోదెల్లోవి! నీళ్లు బయటికి తోలడానికి 900 ఏళ్ల కిందట తవ్విన బోదెలే ఇప్పుడు పూతని కాపాడటానికి నీళ్లు దాచుకునే చోటు. నాకు ఒళ్లు జలదరించింది అక్కడే.

కానీ వాళ్లకీ భయాలున్నాయి. పెద్ద కంటైనర్ ఓడల కోసం ఎల్బేని పదేపదే లోతు చేశారు, చివరిసారి చేసిన పని 2022 నాటికి పూర్తయింది. నది లోతైతే సముద్రపు ఉప్పు ఇంకా పైకి వస్తుందని రైతుల ఆందోళన. పూత మీద ఉప్పునీళ్లు కొట్టలేరు కదా. అందుకే కొందరు వేరేగా నీళ్ల చెరువులు తవ్వుకుంటున్నారు. ఎండలు పెరిగి పూత మునుపటి కంటే ముందే వస్తోంది, రాత్రి మంచు మాత్రం మానలేదు.

ఇక మా ఇంటి సంగతి. ఈ వీడియో చేయడానికి అసలు కారణం.

మాది అమలాపురం దగ్గర. తాతగారిది మూడెకరాల కొబ్బరి తోట, పల్లంలో. మీకు తెలుసు, 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక గోదావరి డెల్టా అంతా కాలువలు వచ్చాయి. నీళ్లు తెచ్చే కాలువ మెరక మీద పోతుంది, మురుగు తీసే డ్రెయిను పల్లంలో పోతుంది. మనం కాటన్ దొర విగ్రహానికి దండలేస్తాం, ఆయన తెచ్చిన నీళ్ల గురించి మాట్లాడతాం. ఆ నీళ్లు బయటికి పోవాల్సిన దారి గురించి ఎవరం మాట్లాడం. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి పొలాలు బీడు పెట్టారు. గిట్టుబాటు ధరతో పాటు వాళ్లు చెప్పిన కారణాల్లో పూడిపోయిన డ్రెయిన్లు కూడా ఒకటి.

మా తోట వెనక డ్రెయినూ అంతే. గుర్రపుడెక్క మీద కుక్క నడిచి అవతలికి పోతుంది, అంత మందం. వానాకాలం తోటలో మోకాలి లోతు నీళ్లు మూడు వారాలు ఉంటాయి. చెట్లు పసుపెక్కాయి. దింపు దింపుకీ కాయ తగ్గిపోతోంది. చుట్టుపక్కల కొందరు తోటలు కొట్టేసి రొయ్యల చెరువులకి లీజుకిచ్చారు. మా మావయ్య ఫోన్ చేసి, "ఒరేయ్, లీజు డబ్బు బాగానే ఇస్తామంటున్నారు. తాతగారు ఏం చెప్పట్లేదు. నువ్వేమంటావ్?" అన్నాడు.

అబద్ధం చెప్పను, నేను ఇచ్చేద్దాం అనుకున్నాను. నేనేమన్నా ఊళ్లో ఉంటానా? ఉద్యోగం వదిలేసి వీడియోలు తీసుకునేవాణ్ణి. కానీ చెరువు తవ్వి ఉప్పునీళ్లు పెడితే ఆ నేలలో మళ్లీ కొబ్బరి ఎప్పటికొస్తుందో? పక్కవాళ్ల తోట సంగతేంటి? అప్పుడు గుర్తొచ్చింది ఆ పార. నేను కూడా పార దిగేసి వెళ్లిపోవడానికే రెడీగా ఉన్నానని అర్థమైంది. తేడా ఏంటంటే, ఆ రైతు చేతకాక వెళ్లాడు, నేను ఓపిక లేక వెళ్తున్నాను.

పోయిన ఎండాకాలం ఊరెళ్లాను. డ్రెయిన్ పక్కన తోటలున్న ఏడుగురిని మావయ్య పిలిచాడు. మనిషికో ముక్క వద్దు, ఎకరానికి ఇంత అని వేసుకుందాం అన్నాం. ఆరుగురు ఒప్పుకున్నారు. ఒకాయన, "గవర్నమెంటు చేయాల్సిన పనికి మనమెందుకు బాబూ డబ్బు పెట్టడం?" అన్నారు. ఆయన అన్నది తప్పు కాదు. ఆ పని నిజంగానే ప్రభుత్వానిది, అర్జీలు కూడా పెట్టాం. కానీ వాన మన అర్జీ కోసం ఆగదు కదండీ. అనుమతి తెచ్చుకుని, పొక్లెయిన్ పెట్టించి, మా తోటల వరకూ పూడిక తీయించాం. ఇప్పుడు వాన పడితే నీళ్లు మూడు వారాలు కాదు, వారంలో దిగుతున్నాయి. ఇంకా వారం ఎందుకంటే, దిగువన డ్రెయిను ఇంకా పూడే ఉంది. అది మా ఏడుగురితో అయ్యే పని కాదు. చెట్లు మళ్లీ కోలుకుంటాయో లేదో రెండేళ్లు ఆగితే గానీ తెలియదు. లీజు సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టాం.

పని అయిన రోజు సాయంత్రం తాతగారిని కుర్చీలో తీసుకొచ్చి గట్టు మీద కూర్చోబెట్టాం. చాలాసేపు నీళ్లు పోవడం చూశారు. తర్వాత, "మా చిన్నప్పుడు ఏటా ఎండల్లో ఊరంతా దిగి తీసేవాళ్లంరా దీన్ని. ఎప్పుడు మానేశామో గుర్తులేదు" అన్నారు.

నాకు ఆ ఒక్క మాట చాలు. ఏ గట్టయినా, ఏ కాలువైనా తెగిన తేదీ అందరికీ గుర్తుంటుంది. చూసుకోవడం మానేసిన తేదీ ఎవరికీ గుర్తుండదు.

మీ ఊళ్లో కూడా ఇలాంటి కాలువో, చెరువు తూమో, గట్టో ఉండే ఉంటుంది. దాన్ని చివరిసారి ఎప్పుడు బాగు చేశారో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. జవాబు కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.